కాలువ మీద పద్దెనిమిది నిమిషాలు

గాలి ఇంకా లేవలేదు. కాలువ గట్టు మీద గడ్డి కొనలు కదలడం లేదు. ఆరు దాటి పది నిమిషాలైంది, ఏడు దాటితే గాలి లేస్తుంది, అది లేచాక మూడు కిలోల ఈ విమానాన్ని ఎగరేయగలనేమో గానీ దింపలేను, దింపేటప్పుడు విరిగితే ఇంకొకటి లేదు, ఇదే మూడోది, మొదటి రెండూ రాజీవ్ చేతుల్లోనే ముక్కలయ్యాయి. గుండె గట్టిగా కొట్టుకుంటోంది. భయం కాదు. భయమైతే నాకు కడుపులో తెలుస్తుంది, ఇది అరచేతుల్లో ఉంది, చిన్నప్పుడు పీర్ల పండగ డప్పు వినగానే కాళ్లలోకి వచ్చేదే, అలాంటిది. పదిహేడేళ్లు సైన్యంలో ఉన్నాను, అందులో చివరి తొమ్మిదేళ్లు మనిషి ఎక్కని విమానాలను నేల మీద నిలబడి నడిపాను, హవల్దారుగా రిటైరై ఇనుప పెట్టెతో బాన్సువాడ బస్టాండులో దిగి ఆరు నెలలైంది, అందులో చాలా నెలలు ఈ చేతులు టీ గ్లాసు తప్ప ఏదీ శ్రద్ధగా పట్టుకోలేదు. ఇప్పుడు వీటిలో మళ్లీ రెండు స్టిక్కులున్న రిమోట్ పెట్టె ఉంది. బొటనవేళ్లు వాటంతట అవే వెళ్లి స్టిక్కుల మీద కూర్చున్నాయి. సుచరిత చూసి నవ్వుతోంది.

నా భార్య సుచరిత మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. ఈ పని నాకు తెచ్చింది ఆమే. జూలైలో హైదరాబాదు నుంచి రాజీవ్ అనే ఇంజనీరు దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకి వచ్చాడట, నిజాంసాగర్ కాలువలను చిన్న విమానంతో, కెమెరాతో పైనుంచి ఫోటోలు తీస్తాం, నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో పటం గీసి ఇస్తాం, అనుమతి కావాలి అని. ఆ దరఖాస్తు టైపు చేస్తూ చేస్తూ ఆగిందట. "సార్, గీ విమానం ఎవలు నడుపుతరు?" అని అడిగితే అతను తలగోక్కుని "నేనే మేడమ్, కాకపోతే దింపుడే వస్తలేదు" అన్నాడట. "మా ఆయన తొమ్మిదేండ్లు గదే పని చేసిండు, దింపుడే ఆయన పని" అందట సుచరిత. ఆ సాయంత్రమే అతన్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది, నేను అప్పుడు బావి మోటారు విప్పి కూర్చున్నాను, చేతులనిండా గ్రీజు, రాజీవ్ ఆ గ్రీజు చేతిని పట్టుకుని వదల్లేదు. మర్నాడే పిట్లం అవతల బీడు భూముల్లో అతని విమానాన్ని మొదటిసారి ఎగరేశాను. గాలిలోకి విసరగానే అది చేతిలోంచి పిట్టలా జారిపోయింది, అంత తేలిక. సైన్యంలో నేను నడిపింది ఎద్దులబండి కంటే బరువు, రన్‌వే మీద పరుగెత్తి పరుగెత్తి గానీ లేచేది కాదు. ఇది ఆటబొమ్మ, అనుకున్నాను మొదట. మూడో రోజుకి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. బరువు లేనిదాన్ని దింపడమే కష్టం, నేలకు దగ్గరయ్యేకొద్దీ అది కిందికి రానంటుంది.

రేపు ఇదే సమయానికి నేను హైదరాబాదు బస్సులో ఉండాలి. ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు ఉద్యోగం, ఎల్లుండి చేరాలి, కాగితం ఇంట్లో బైబిలు కింద ఉంది. దాన్ని తప్పుపట్టను, నాతో వచ్చినవాళ్లలో సగం మంది అదే చేస్తున్నారు, పరువైన పనే. కానీ ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినతని ముఖం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "ఆర్మీల ఏం చేసినవ్?" "విమానాలు నడిపిన సార్." "మరి ఆఫీసర్‌వా?" "కాదు సార్, హవల్దార్." "విమానం ఎక్కకుండ ఎట్ల నడిపినవయ్యా?" "కింద నిలబడి సార్." అతను పక్క టేబులు వైపు తిరిగి "అరే, ఈయన కింద నిలబడి విమానం నడిపిండంట" అన్నాడు, ఇద్దరూ నవ్వారు, తర్వాత "సరే గానీ తుపాకి లైసెన్స్ ఉన్నదా?" అని అడిగాడు. ఉంది అన్నాను. రాసుకున్నాడు. నా తొమ్మిదేళ్లకు ఆ కాగితంలో గడి లేదు. ఈరోజు ఫోటోలు పనికొచ్చేలా వస్తే నిజాంసాగర్ కాలువలన్నీ కొలిచే పని రాజీవ్ కంపెనీకి వస్తుంది, దానికి పైలట్‌ని నేను. పైలట్. అపాయింట్‌మెంట్ కాగితంలో ఆ మాట అలాగే రాస్తానని రాజీవ్ అన్నాడు, నేను అడగలేదు, అతనే అన్నాడు.

గట్టు మీద మా జీపు వెనకే ట్రాక్టరు ఆగి ఉంది. దాని ట్రాలీలో పదిమంది రైతులు, చేతుల్లో కట్టెలు. ముందు కూర్చున్నది ఆశన్న పటేల్. కాలువ చివరన ఆయనకు ఎనిమిదెకరాల వరి ఉంది, మా అమ్మ ముత్తవ్వ ముప్పై ఏళ్లుగా ఆ పొలంలోనే నాట్లకూ కలుపులకూ పోతోంది. వరి పొట్టకొచ్చింది, పన్నెండు రోజులుగా చివరి పొలాలకు నీళ్లు లేవు, పై ఊరివాళ్లు రాత్రిపూట కాలువకు పైపులేసి తోడుకుంటున్నారని వీళ్లూ, మేం ముట్టుకోలేదు దేవుడి తోడు అని వాళ్లూ. పోయిన మంగళవారం రాళ్లు లేచాయి. ఆశన్న తమ్ముడు తల పగిలి బాన్సువాడ దవాఖానలో ఉన్నాడు. చిన్నప్పుడు ఈయన నన్ను "అరేయ్ ముత్తవ్వ కొడుకా" అని పిలిచేవాడు, సైన్యం నుంచి సెలవు మీద వచ్చినప్పుడు "ఏం రా ఇమానేలూ" అయింది, ఇప్పుడు ట్రాక్టరు దిగి నా దగ్గరికి వస్తున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"తమ్మీ, ఏడు దాక ఆగుతం. నువ్వు చెప్పినవని ఆగుతున్నం. గా తర్వాత ఇగ ఎవల మాట ఇనం."

"ఏఈ సారు పర్మిషన్ కాగితం తెస్తుండు పటేలా. రాంగనే ఎగరేస్త."

"నీ విమానం దొంగను పడుతదా?"

"నీళ్లెటు పోతున్నయో సూపెడతది."

ఆయన రాజీవ్ చేతుల్లోని విమానం వైపు చూశాడు, తెల్లటి రెక్కలు, ఎండలో కనిపించడానికి వాటి మీద మేము అతికించిన నారింజరంగు టేపు, కడుపులో కెమెరా. వెనక్కి వెళ్లి ట్రాక్టరు టైరుకు ఆనుకుని నిలబడ్డాడు. ఆరూ ఇరవై. గడ్డి కదల్లేదు. నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ సారు, రాలేదు.

ఎదురుచూడటం నాకు సైన్యం నేర్పిన మొదటి పని. తొంభై ఒకటిలో నిజామాబాద్ మైదానంలో భర్తీకి వెళ్లినప్పుడు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఒంటికాలి మీద నిలబడ్డట్టే నిలబడ్డాను, మైలు పరుగులో మూడోవాడిగా వచ్చాను, చెప్పుల్లేకుండా. ఫిరంగుల దళంలో వేశారు. ఎనిమిదేళ్లు గుండ్లు మోశాను, గుండ్లు మోసేవాడికి గుండు ఎక్కడ పడుతుందో ఎప్పుడూ కనిపించదు. తర్వాత ఒకరోజు దేవలాలీ శిక్షణ కేంద్రంలో మా అందరినీ వరసగా కూర్చోబెట్టి చేతికి ఒక ఆట పెట్టె ఇచ్చారు, తెర మీద చుక్కను గీతలోంచి జారకుండా నడపాలి, డిగ్రీలు చదివినవాళ్లు జారవిడిచారు, నాది జారలేదు. "ఏం చేసేవాడివి ఊళ్లో?" అని అడిగాడు మేజరు. గొర్రు తోలేవాణ్ని సార్ అన్నాను. విత్తనాల గొర్రు తోలేటప్పుడు ఎద్దులను కాదు చూసేది, చాలు చివర చూడాలి, చేయి దానంతటది సర్దుకుంటుంది. ఆయన అది ఇంగ్లీషులో రాసుకున్నాడు. అలా వచ్చింది నాకు ఈ విద్య. విదేశం నుంచి వచ్చిన విమానం, రన్‌వే పక్కన నేను, మెడలో వేలాడే పెట్టె, లేపడం నా పని, దింపడం నా పని, మధ్యలో పైన ఎగిరినంతసేపూ లోపల కూర్చుని తెర చూడటం కూడా ఒక్కోసారి నా పనే.

తెర. రెండు వేల రెండులో ఎడారిలో ఉన్నాం, యుద్ధం వస్తుందన్నారు, పది నెలలు ఎదురుచూశాం, రాలేదు. అవతలి దేశంలో ఒక ఊరి చివర ఒక ఇల్లు, ఒక ఆడమనిషి రోజూ పొద్దున వాకిట్లో మిరపకాయలు ఆరబోసేది. అంత ఎత్తునుంచి ఆమె గోరంత. మిరపకాయలు ఎర్రటి రుమాలంత. నలభై రోజులు చూశాను, ఆమె ఒక్కసారి కూడా తల ఎత్తలేదు, అంత ఎత్తులో ఉన్నది ఆమెకు వినిపించదు, కనిపించదు. నలభై ఒకటో రోజు వాకిలి ఖాళీ. ఊరంతా ఖాళీ. యుద్ధ భయానికి వెళ్లిపోయారు. నేను ఆ ఊరి మీద ఒక రాయి కూడా వేయలేదు, అయినా ఆ పూట అన్నం సహించలేదు. ఈ సంగతి ఒక్క సుచరితకే చెప్పాను, పెళ్లైన ఏడాదికి. ఆమె "మిరపకాయలు ఇడిసిపెట్టి పోయిందా, ఎత్తుకపోయిందా?" అని అడిగింది. ఎత్తుకుపోయింది అన్నాను. "గట్లయితే మంచిగనే పోయింది తియ్యండ్రి" అంది. నాకు ఎవరూ చెప్పని ఓదార్పు అది.

ఆ ఎడారిలోనే ఒక విమానాన్ని పోగొట్టుకున్నాను. ఇసుకగాలి లేచింది, దించేటప్పుడు విమానం పక్కకు కొట్టుకుపోతోంది, ఇంకో చుట్టు తిప్పి దించాలని నా చేతులకు తెలుస్తోంది, చెవిలో ఆర్డరు వచ్చింది, వెంటనే దించు అని. దించాను. రెక్క విరిగి ముక్కు నేలలో దిగబడింది. విచారణలో నా తప్పు లేదని తేల్చారు, కాగితం కూడా ఇచ్చారు. కానీ చేతులకు కాగితం చదవడం రాదు కదా, అవి చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

హారన్. ఏఈ సారు గట్టు మీద మోటార్‌సైకిలు పడేసినట్టే ఆపి పరుగెత్తుకొస్తున్నాడు, చేతిలో కాగితం, "హవల్దార్ సాబ్, సంతకమైంది, కానియ్యుండ్రి!" ఆరూ ముప్పై ఆరు. అన్నీ ఒక్కసారే కదిలాయి. డ్రైవరు జీపు స్టార్ట్ చేశాడు, నేను వెనక నిలబడ్డాను, నడుముకు తాడు, తాడు రెండో కొస జీపు కడ్డీకి, సుచరిత నా పక్కన గడియారం పట్టుకుని, ఏఈ ముందు సీట్లో. కనిపించినంత దూరమే దీన్ని నడపగలను, కాలువ నాలుగు కిలోమీటర్లు, అందుకే విమానం కింద జీపు పరుగెత్తాలి. బ్యాటరీ పద్దెనిమిది నిమిషాలు. రాజీవ్ విమానాన్ని తలపైకెత్తి నాలుగడుగులు పరుగెత్తి విసిరాడు, విసిరి ఆ పరుగు మీదే జీపు వెనక ఎక్కాడు.

లేచింది! ఒక్కసారి కిందికి కుంగి, నీళ్లను తాకినంత పని చేసి, లేచింది, నా బొటనవేలి కింద ఆ బరువు, ఆ ప్రాణం, ఆరు నెలల తర్వాత మళ్లీ అసలు పని మీద, వెళ్లు, వెళ్లు తల్లీ, కాలువ మీదుగా పై ఊరి వైపు, జీపు గుంతల్లో ఎగిరిపడుతోంది, నా మోకాళ్లు స్ప్రింగుల్లా అవుతున్నాయి, చేతులు మాత్రం కదలడం లేదు, కళ్లు ఆ నారింజరంగు మీద, చాలు చివర మీద. "రెండు" అంటోంది సుచరిత. వెనక ట్రాక్టరు పొగ కక్కుతూ వస్తోంది, ట్రాలీలో ఎవరో ఈల వేశారు. పొట్టకొచ్చిన వరి మీద విమానం నీడ దూకుతూ పోతోంది. "నాలుగు." ఎడమ చేతి వైపు మడిలో కలుపు తీసే ఆడవాళ్లు, వరసలో మూడోది మా అమ్మ, ఆ ఎరుపు రైక నాకు ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది, విమానం వాళ్ల మీదుగా పోగానే అందరూ నడుములెత్తారు, తలలెత్తారు, చేతులెత్తారు, కొంగులు ఊపుతున్నారు, అమ్మ అరుస్తోంది, "ఓ బిడ్డా, పైలంరా, మెల్లగ పోనియ్!" నేను జీపులో ఉన్న సంగతి ఆమెకు పట్టలేదు, విమానంలోనే ఉన్నాననుకుని ఆకాశం వైపు తిరిగి అరుస్తోంది. నాకు నవ్వొచ్చింది, గట్టిగా నవ్వాను, స్టిక్కుల మీద చేతులు వణక్కుండా నవ్వడం కూడా వచ్చు నాకు.

"పదకొండు." కాలువలో నీళ్లు ఇక్కడ పెరిగాయి, నా కంటికే తెలుస్తోంది, చివరన చీలమండ లోతు లేనిది ఇక్కడ నడుము లోతుంది. అంటే మధ్యలోనే ఎక్కడో. కెమెరా మూడు సెకన్లకొకటి తీస్తోంది, అది చూసింది, నేను చూడలేదు, ఓర్చుకో. "పదమూడు." ఇక దింపాలి, ఇక్కడ గట్టు కాస్త వెడల్పు, నాలుగు గజాలు, ఇటు నీళ్లు, అటు సర్కారు తుమ్మలు, ఆ నాలుగు గజాల మీదే. విమానాన్ని తిప్పి ఎదురుగా తెచ్చాను. చెంప మీద ఏదో తగిలింది. గాలి. ఏడు కాకముందే లేచింది. గడ్డి ఒక్కసారిగా పడుకుంది, విమానం నీళ్ల వైపు జారింది. "పదహారు" అంది సుచరిత. "దించన్నా, బ్యాటరీ అయిపోతుంది, దించెయ్!" అని రాజీవ్ అరిచాడు. ఏఈ సీట్లోంచి లేచి నిలబడ్డాడు. చేతులు ఇంకో చుట్టు అంటున్నాయి. అరుపులన్నీ దించు అంటున్నాయి. నేను చేతుల మాట విన్నాను. పైకి లేపాను. "అన్నా!" అని రాజీవ్ తల పట్టుకున్నాడు. తుమ్మల మీదుగా వెడల్పుగా ఒక చుట్టు, మోటారు ఆపేశాను, ఇక శబ్దం లేదు, ఉన్నదంతా గాలే, గాలికి ఎదురుగా ముక్కు పెట్టాను, అదే గాలి ఇప్పుడు దాన్ని పట్టుకుని నెమ్మది చేస్తోంది, కిందికి, ఇంకా కిందికి, రా, "పద్దెనిమిది" అని సుచరిత గుసగుసగా అంది, అప్పుడు విమానం గట్టు మన్ను మీద కడుపు ఆనించి, మూడు గజాలు జారి, ఆగింది.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. రాజీవ్ నన్ను తాడుతో సహా వాటేసుకున్నాడు. ఏఈ నా చేయి ఊపుతూనే ఉన్నాడు. జీపు బానెట్ మీద లాప్‌టాప్ పెట్టి కార్డు దూర్చారు, ట్రాక్టరు దిగినవాళ్లంతా చుట్టూ మూగారు, ఒకదాని తర్వాత ఒకటి ఫోటోలు, కాలువ గోధుమరంగు పట్టీలా, పొలాలు, మడుల గీతలు, అమ్మావాళ్ల ఎత్తిన చేతులు, పైపులు ఎక్కడైనా ఉన్నాయా అని ఆశన్న వేలితో వెతుకుతున్నాడు, పైపులు లేవు. ఒక్కటీ లేదు. "ఇంక ముందుకు" అన్నాను. "ఆగు. ఇదేంది?" అని తెర మీద వేలు పెట్టాను. మేం దాటి వచ్చిన గట్టుకు దిగువన, సర్కారు తుమ్మల గుబురు మధ్యలో, గట్టు మీద నిలబడ్డవాడికి ఏ జన్మకూ కనిపించని చోట, పాత మొరం గుంత. ఎండిపోయి ఉండాల్సింది. నిండుగా ఉంది. కాలువ నీళ్ల రంగే. గుంత అంచు నుంచి ఒక పాయ వాగులోకి పోతోంది. కాలువ అడుగున మన్ను కూలి బుంగ పడింది, పన్నెండు రోజులుగా నీళ్లు దాంట్లోంచి వాగులో కలుస్తున్నాయి.

"ఎండ్రికాయలు బొక్కలు చేసినయ్, గట్టు కింద కూలింది" అన్నాడు ఏఈ నెమ్మదిగా.

ఆశన్న ఆ ఫోటో మీదికి వంగాడు. "మరి పైయూరోళ్లు?"

"ఆళ్లు ముట్టలే పటేలా. ఒక్క పైపు లేదు, చూస్తివి గద" అన్నాను.

మంగళవారం రాళ్లు ముందు ఎటునుంచి లేచాయో అక్కడున్న అందరికీ తెలుసు. ఆశన్న చేతిలో కట్టె చూసుకుని, దాన్ని తుమ్మల్లోకి విసిరేశాడు. "పారలు దియ్యుండ్రి!" అని అరిచాడు ట్రాలీ వైపు. "ఖాళీ యూరియా సంచులు దియ్యుండ్రి! నడువుండ్రి, జల్ది! ఎటుదిక్కు ఇమానేలూ, నువ్వు నడువు ముందల!"

ట్రాక్టరు ఆ ఇరుకు గట్టు మీద వెనక్కి తిరగదు. ఇక పరుగే. రిమోట్ పెట్టె సుచరిత చేతిలో పెట్టాను. "చెప్పులు!" అని ఆమె అంటూనే ఉంది, నేను అప్పటికే గట్టు దిగాను, ముళ్లు, బురద, వెనక పదిమంది పారలతో, నాకు దారి తెలుసు, ఇక్కడ ఈత చెట్టు, దాని కుడిపక్కన సందు, అక్కడ రెండు తుమ్మలు జంటగా, అంతా తెర మీద చూసినట్టే ఉంది, కానీ తెర మీద ఈ వాసన లేదు, ఈ ముల్లు లేదు, కాలికి గుచ్చుకుంటే ఎంత బాగుంది. అప్పుడు తట్టింది నాకు, పరుగు మధ్యలో. తొమ్మిదేళ్లు పైనుంచి ఎన్నో ఊళ్లు, ఎన్నో దారులు, ఎన్నో వాకిళ్లు చూశాను, చూసిన చోటికి ఒక్కసారి కూడా నా కాళ్లతో వెళ్లలేదు. వెళ్లకూడదు. ఇదే మొదటిసారి. తుమ్మ కొమ్మ పక్కకు నెట్టాను, నీళ్లు కనిపించకముందే వినిపించాయి, భూమి కింద ఎవరో గుటకలు వేస్తున్నట్టు.

"గీడనే!" అని అరిచాను, అరిచి, ఎవరి పార కోసమూ చూడకుండా, గుంతలోని నడుము లోతు నీళ్లలోకి దూకి, గట్టు అడుగున నీళ్లు తోసుకొస్తున్న ఆ బుంగకు వీపు అడ్డం పెట్టాను. చల్లగా, గట్టిగా, కాలువ మొత్తం నా వీపును తోసింది. "సంచి ఇయ్యుండ్రి!" అన్నాను. ఆశన్న పటేల్ మన్ను నింపిన మొదటి సంచి భుజాన పెట్టుకుని నా పక్కకు దిగాడు.